మెట్ల మధ్య స్వరం

తిరుపతిలో ఏ గాత్ర కచేరీకి వెళ్లినా గాయకుడి పక్కన ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. దాన్ని ఎవరూ వాయించరు. స్విచ్ వేసి, మర తిప్పి, షడ్జమం సరిచూసుకుని వదిలేస్తారు. బెంగళూరు ఇంజినీరు, వేణువు వాయించే జి. రాజ్‌నారాయణ్ 1970ల చివర రూపొందించిన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వంశం అది. సన్నాయి మేళంలో ఒత్తు ఊదే మనిషి పని కూడా చాలాచోట్ల ఇప్పుడు దానిదే. తీగ లేదు, ఊపిరి లేదు. కరెంటు కంపించి స్వరమవుతోంది. అనలాగ్ సింథసైజర్ పుట్టుక కూడా ఇదే. కాబట్టి అలాంటి యంత్రాల ముందు ఒక్కరే కూర్చుని చేసిన ప్రయోగాత్మక ఆల్బమ్‌లు మనకు పరాయివని నేననుకోను.

లోపల జరిగేది చూడండి. ఆసిలేటర్ అనే సర్క్యూట్ తరంగాన్ని పుట్టిస్తుంది. రంపపు పళ్ల ఆకారపు తరంగంలో అనుస్వరాలన్నీ ఉంటాయి గనుక అది గరుకుగా మోగుతుంది. పైనున్న అనుస్వరాలను ఫిల్టర్ తగ్గించేకొద్దీ నాదం మెత్తబడుతుంది. స్వరం ఎంత వేగంగా లేవాలో, ఎలా ఆరిపోవాలో ఎన్వలప్ చూసుకుంటుంది. స్వరస్థానాన్ని నిర్ణయించేది వోల్టేజి. చాలా యంత్రాల్లో ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి వెళ్తాం. అంటే అరస్వరానికి సుమారు 83 మిల్లీవోల్టులు. వాటి మధ్య గోడలేమీ లేవు. వోల్టేజికి మెట్లు లేవు, పన్నెండు మెట్లు కట్టింది కీబోర్డు. బిళ్లల మీద గమకం పలకదన్న మన విద్వాంసుల ఫిర్యాదు కీబోర్డుకు తగులుతుంది గానీ, వెనకున్న సర్క్యూట్‌కు తగలదు.

పాత యంత్రాలు వేడికి శ్రుతి జారతాయి. మృదంగ విద్వాంసుడు కచేరీ మధ్యలో రాయి పట్టి శ్రుతి సరిచేసుకున్నట్టే వీటినీ మాటిమాటికీ చూసుకోవాలి. మే నెల తిరుపతి ఎండలో అయితే చెప్పనక్కర్లేదు.

ఆ ఆల్బమ్‌లను ఒక్కరే ఎందుకు చేశారంటే, తొలి మూగ్ సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. సంగీతకారిణి వెండీ కార్లోస్ 1968 నాటి ‘స్విచ్డ్-ఆన్ బాక్’ ఆల్బమ్ కోసం ఒక్కో వరుసా విడిగా వాయించి టేపు మీద పేర్చుకుంటూ పోయారు. సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ పారిస్‌లో ఇంట్లోనే 8 ట్రాకుల టేపు మీద ‘ఆక్సిజన్’ (1976) కట్టాడు. వినసొంపైనదే, కానీ నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది ఎలియాన్ రాడిగ్. ఈ ఫ్రెంచి స్వరకర్త ఆర్ప్ 2500 యంత్రాన్ని కీబోర్డు జోలికి పోకుండా, మరలు తిప్పుతూనే పలికించింది. టిబెటన్ బౌద్ధం ప్రేరణతో 1988-93 మధ్య చేసిన ‘ట్రిలోజీ ద లా మోర్’ దాదాపు మూడు గంటల రచన. రెండు ఆసిలేటర్లను 220, 220.5 హెర్ట్జ్‌ల దగ్గర నిలిపితే రెండు సెకన్లకోసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. ఆమె పనితనమంతా ఇలాంటి చిన్న తేడాలను ఓపికగా జరపడంలోనే ఉంది. తంబురా తీగ కింద దారాన్ని వెంట్రుకవాసి జరిపి చూసుకునేవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

మన దేశపు అసలు ఉదాహరణ చరణ్‌జీత్ సింగ్. బొంబాయి సినిమా రికార్డింగుల్లో బేస్ గిటారు వాయించిన మనిషి. ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ 1982లో రికార్డు చేశాడు. జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ యంత్రం, టీబీ-303 బేస్ యంత్రం, మూడూ రోలండ్ కంపెనీవే. ఆ 303ని తయారుచేసింది బేస్ వాయించేవాడు లేని లోటు తీర్చడానికి. దాన్ని చేతిలోకి తీసుకున్నది బేస్ వాయించేవాడే! రికార్డు అప్పట్లో నడవలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, 1987లో షికాగో నుంచి వచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’ అనే నృత్య సంగీత రికార్డు కంటే ముందే ఆ తరహా ధ్వని ఇందులో ఉందని పాశ్చాత్యులు ఆశ్చర్యపోయారు. ఎవరు ముందన్న పంచాయితీ నాకు పట్టదు. మాల్‌కౌంస్ అంటే మన హిందోళం, భూపాలి మోహనం, కళావతి వలజి, బైరాగి రేవతి. ఆ రాగాలను ఏం చేశాడన్నదే నా ప్రశ్న.

డ్రమ్ యంత్రం మొదలుకాకముందు, స్వరం నుంచి స్వరానికి జారుతూ సాగే ఆలాపనలు నిజంగా బాగుంటాయి. తర్వాత 303 అందుకుంటుంది. దానిలో జారుడు ఉంది, కానీ దగ్గరి స్వరానికైనా దూరపు స్వరానికైనా అది పట్టే సమయం ఒక్కటే. జారుకు మన గాయకుడు ఇచ్చే కాలం రాగాన్ని బట్టి, సాహిత్యాన్ని బట్టి మారుతుంది. అందుకే ఆ రికార్డులో రాగాల ఆకారం దొరుకుతుంది, నడక దొరకదు. అయినా ఆ మొండి, ఒకే తీరు పరుగులో ఒక మత్తు ఉంది, దాన్ని కాదనలేను.

మళ్లీ తిరుపతికి వస్తే, గంగమ్మ జాతర ఆర్కెస్ట్రాల్లో కనిపించే కీబోర్డులు డిజిటల్ రకం. కానీ ఎడమ పక్కనుండే చక్రం 1970 నాటి మినీమూగ్ అనే అనలాగ్ సింథసైజర్ వారసత్వం. దాన్ని తిప్పితే స్వరం మెట్ల మధ్యలోకి జారుతుంది. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు అరస్వరాల దూరం లాగుతుంది. మన తోడి గాంధారం ఊగేది సరిగ్గా ఆ మేరలోనే: కింద శుద్ధ రిషభం, పైన శుద్ధ మధ్యమం. కుడిచేత్తో గాంధారం బిళ్ల నొక్కి పట్టుకుని, మిగతా పనంతా ఎడమచేతికి అప్పగించాలి. ఎంత తిప్పాలో యంత్రమే చెబుతుంది, ఎంత నెమ్మదిగా తిప్పాలో మాత్రం తోడి విన్న చెవి చెప్పాలి.