చింతచెట్ల కింద కాపలా

కాలిఫోర్నియాలోని బిగ్‌బేర్ సరస్సు పక్కన జాకీ, షాడో అనే తెల్లతల గద్దల జంట పైన్ చెట్టు మీద గుడ్లు పొదుగుతుంటే, లోకమంతా ఫోన్లలో లైవ్ చూస్తుంది. హిందూపురం దగ్గర, చిలమత్తూరు మండలం వీరాపురం జనానికి తల పైకెత్తితే చాలు.

ఏటా చలికాలం పోయే వేళకు ఎర్రకాళ్ల కొంగలు వీరాపురం చింతచెట్ల మీద దిగుతాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు వాటిని. మగదీ ఆడదీ వంతులేసుకుని నెల రోజులు పొదుగుతాయి. పిల్లలు బయటికొచ్చాకే అసలు చాకిరీ. అనంత సీమ ఎండకు పిల్లలు మాడకుండా రెక్కలు విప్పి నీడనిస్తాయి. చెరువులో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ, తగిలిన చేపను తగిలినట్టే పట్టేస్తాయి. మురికి నీళ్లలో కంటితో పనేముంది! మింగి తెచ్చిన చేపలను గూట్లో కక్కితే పిల్లలు ఎగబడతాయి.

పక్షుల పనితనం సరే, కింద ఉన్నవాళ్ల పనితనమో? రాయెత్తిన పిల్లవాణ్ని కసరాలి. వేటకొచ్చినవాణ్ని తరమాలి. చేపల కంపు, రెట్టల కంపు వాకిట్లోనే భరించాలి. నా లెక్కలో ఈ ఓర్పే పెద్దది. ఫోన్ల ముందు కూర్చున్నవాళ్లకు ఆ బాధ లేదు కదా.

అయితే ఎంత కాచినా మేత పుట్టించడం ఊరి చేతిలో లేదు. చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏడు, కొంగలు చేపల కోసం ఇంకా దూరం ఎగరాల్సిందే.