బిగించని దారం

మలద్వారం పక్కన చీము కారుతోందని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటి రెండు ఆపరేషన్లు చేయించుకుని ఉంటారు. మొలలని ఒకచోట, సెగగడ్డ అని ఇంకోచోట కోయించుకున్నామంటారు. కోసింది మానదు. పక్కనే మరో రంధ్రం పడుతుంది. పుండు చూడకముందే నేను కడుపు సంగతి అడుగుతాను. విరేచనాలు ఎన్నాళ్లుగా? బరువు తగ్గావా? చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది: పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు.

ఈ జబ్బును 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యులు చిన్నపేగు చివర వచ్చే వాపుగా వర్ణించారు. నోటి నుంచి మలద్వారం దాకా అది ఎక్కడైనా రావచ్చని తర్వాత తెలిసింది. ఈ రోగుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఫిస్టులా, అంటే లోపలి నుంచి మలద్వారం పక్క చర్మానికి చీము కారే దారి, వస్తుంది. కొందరిలో పేగు జబ్బు బయటపడకముందే వస్తుంది.

మామూలు ఫిస్టులా పైపైనే ఉంటే, దారిని చీల్చి వదిలితే చాలావరకు మానిపోతుంది. క్రోన్స్‌లో ఆ ధైర్యం తేలిగ్గా చేయకూడదు. ఆ కణజాలంలోనే వాపు ఉంటుంది కాబట్టి కోసిన గాయం నెలలు గడిచినా పచ్చిగానే ఉండిపోవచ్చు. పైగా దారులు మలాన్ని ఆపి ఉంచే కండరం గుండా పోతుంటాయి. ఆ కండరం తెగితే మనిషి బయటికి వెళ్లడానికే భయపడే పరిస్థితి వస్తుంది. ఆయుర్వేదంలోని క్షారసూత్రం మామూలు భగందరానికి (ఫిస్టులాకు) మంచి ఫలితాలిచ్చిందని 1991లో ఐసీఎంఆర్ పరిశీలన చెప్పింది. కానీ అది కొద్దికొద్దిగా కోసుకుంటూ పోయే దారం. క్రోన్స్‌కు కావలసింది కోయని దారం. దాన్నే వదులు సీటన్ అంటాం.

ముందు ఎమ్మారైలో దారులన్నీ చూసుకుంటాం. మత్తు ఇచ్చాక వేలితో తడిమితే చర్మం కింద గట్టిపడిన తాడులా తగులుతుంది. బయటి రంధ్రంలోకి కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ పంపితే లోపల బుడగలు వచ్చిన చోటే రెండో నోరు. మొద్దుకొన ఉన్న సన్నని ఊచను దానంతటది వెళ్లేంత వరకే పోనివ్వాలి. బలవంతంగా తోస్తే లేని దారి మనమే తవ్వినట్టవుతుంది. సిలికాన్ దారాన్ని అటు నుంచి ఇటు లాగి, చర్మానికీ దానికీ మధ్య వేలు దూరేంత వదులుగా ముడి వేస్తాను. చెరువుకు అలుగు ఎలాంటిదో ఈ జబ్బుకు ఆ దారం అలాంటిది. చీము లోపల నిలవకుండా పోతూ ఉంటుంది, గట్టు తెగదు.

"ఈ దారం ఎప్పుడు తీస్తారు సార్?" అని అందరూ అడుగుతారు. "లోపలి జబ్బు చల్లబడ్డాకమ్మా. ఇప్పుడే తీస్తే పైన మూసుకుపోయి లోపల మళ్లీ చీము పడుతుంది" అని చెబుతాను. ఆ చల్లబరిచే పని పేగుల వైద్యుడిది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందును మొదట 0, 2, 6 వారాల్లో, తర్వాత 8 వారాలకోసారి ఎక్కిస్తారు. చీము తీయకుండా ఆ మందు మొదలుపెట్టకూడదు. లోలోపల దాగిన క్షయ ఉందేమో పరీక్షించకుండా అసలే వద్దు. ఆ మందుతో అది తిరగబడగలదు. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఆ పరీక్ష మరచిపోవడానికి వీల్లేదు. స్టెరాయిడ్లు ఫిస్టులాను మూయవు. మలద్వారం దగ్గర వేలాడే చర్మపు మడతల్ని మొలలనుకుని కోయించుకోవద్దు. ఆ గాయాలూ ఓ పట్టాన మానవు. సిగరెట్ ఎంత త్వరగా మానితే అంత మేలు. రోజూ గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు కూర్చుని, మెత్తటి గుడ్డతో అద్దుకుంటే చాలా ఊరట.

కత్తి చేతిలో ఉన్నప్పుడు ఏదో ఒకటి పూర్తి చేసి పంపాలనిపిస్తుంది. రోగి కూడా అదే కోరుకుంటాడు. ఈ జబ్బు విషయంలో మాత్రం సర్జన్‌కు ఆగడం తెలియాలి, రోగికి ఎందుకు ఆగుతున్నామో విడమరిచి చెప్పే ఓపిక ఉండాలి. మానని పుండుతో పాటు కడుపునొప్పో, విరేచనాలో ఉంటే రెండోసారి కోయించుకునే ముందు ఎమ్మారై, కొలనోస్కోపీ అవసరమా అని సిగ్గుపడకుండా అడగండి. దారం అవసరం తీరిన రోజు తీసేయొచ్చు. తెగిన కండరాన్ని మాత్రం మునుపటిలా చేయడం ఎవరి తరమూ కాదు.