ఉపవాసమూ, పస్తూ: మన్యపు ఆకలి ముందు రోజా పరమార్థం

అన్నం తినకుండా ఉండటానికి తెలుగు భాషలో రెండు మాటలున్నాయి. ఇంట్లో గింజలుండి కూడ దైవం కోసం తినకుండా ఉంటే అది ఉపవాసం. గింజలు లేక తినకుండా పడుకుంటే అది పస్తు. కడుపుకు ఈ రెండింటికీ తేడా తెలియదు. తేడా అంతా మనసులోని సంకల్పంలో, అంటే నియ్యత్‌లో ఉన్నది. అక్షరం ముక్క రాని పల్లెటూరి మనిషి సైతం ఈ రెండు మాటలను ఒకదాని బదులు మరొకటి వాడడు. కాని రమజాన్ మాసం వచ్చేసరికి తెలుగులో వెలువడే వ్యాసాలలోనూ, వేదికలపై వినవచ్చే ప్రసంగాలలోనూ ఈ భేదం తరచు చెరిగిపోతూ ఉంటుంది.

ఈ రచనలు సాధారణంగా రోజాకు మూడు ప్రయోజనాలు చెబుతాయి. శరీరానికి ఆరోగ్యం కలుగుతుందని ఒకటి. మనోనిబ్బరం అలవడుతుందని రెండవది. పేదవాని ఆకలి బాధ కలవారికి తెలిసివస్తుందని మూడవది. ఈ మూడవ మాటకే ప్రచారం ఎక్కువ. ఇందులో సత్యం లేకపోలేదు. అయితే దీనినే రోజా పరమార్థంగా నిలబెట్టినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. రోజా ధనికులకు మాత్రమే విధి కాలేదు. యుక్తవయస్సు వచ్చి, ఆరోగ్యంతో స్వస్థలంలో ఉన్న ముస్లింలందరికీ అది విధి. ఏటా కొన్నాళ్లు పస్తులుండే కూలివానికి ఆకలి అంటే ఏమిటో కొత్తగా నేర్పవలసిన అవసరం ఏమున్నది?

ఈ ప్రశ్నను పరీక్షించి చూడటానికి తూర్పు కనుమల మన్యం తగిన చోటు. అరకు లోయ, పాడేరు, ముంచంగిపుట్టు ప్రాంతాలు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. వాటికి ఆవల ఒడిశాలోని కోరాపుట్ కొండలు. బగతలు, కొండదొరలు, కోందులు, పోర్జాలు, గదబలు ఇక్కడ తరతరాలుగా చోళ్లు, సామలు, కొర్రలు పండించుకుంటున్నారు. పంట ఇంటికి చేరిన నెలల్లో అంబలికి లోటుండదు. తొలకరి పడి, కొత్త పంట ఇంకా చేలో ఉండగానే పాత గింజలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో అడవి దుంపలు, ఆకుకూరలు, మామిడి టెంకలోని జీడిని దంచి కాచిన జావ ప్రాణాలు నిలిపేవి. చౌకధరల బియ్యం వచ్చిన తర్వాత ఈ బాధ తగ్గింది గాని పూర్తిగా పోలేదు. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి జీడి జావ తాగిన గిరిజనులు మరణించినప్పుడు, అవి ఆకలి చావులా, విషాహారం వల్ల కలిగిన మరణాలా అని దేశమంతటా వాదోపవాదాలు జరిగాయి. గత్యంతరం ఉన్నవారు బూజు పట్టిన జీడిని వండుకోరన్న సంగతి మాత్రం ఆ వాదంలో మరుగున పడింది.

చాంద్రమానాన్ని అనుసరించి రమజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. 2000లో అది నవంబరు చివర మొదలై, మన్యంలో పంటలు ఇంటికి చేరే కాలంలో గడిచింది. 2014లో జూలై నెలలో, గింజలు నిండుకునే రోజుల్లో వచ్చింది. అంటే ఒకే విధి మనిషిని కలిమిలోనూ పలకరిస్తుంది, లేమిలోనూ పలకరిస్తుంది. ఆకలిని పరిచయం చేయడమే దాని ఉద్దేశమైతే ఈ రెండవ పలకరింపు వృథా కావాలి.

ఆకలి దానంతట అది మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి గోపీనాథ్ మహంతి 1945లో ఒడియాలో వెలువరించిన 'పరజా' నవల చదవదగినది. కోరాపుట్ కొండల్లోని పరజా తెగకు చెందిన సుక్రు జానీ కథ అది. అటవీ ఉద్యోగి ఆగ్రహానికి గురై, జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు చేసి, ఆ అప్పుకింద తానూ, కొడుకులూ 'గోతి' అనే వెట్టికి లోబడతారు. భూమి పోతుంది, ఇల్లు చెదురుతుంది, చివరకు షావుకారు హత్యతో కథ ముగుస్తుంది. లేమి సుక్రు జానీని భక్తుణ్ణి చేయలేదు, బానిసను చేసింది. ఆకలిలోనే ఏదో పవిత్రత ఉన్నదని వ్రాసే రమజాన్ వ్యాసకర్తలకు ఈ నవల గట్టి సమాధానం. ఉపవాసికి సూర్యాస్తమయం ఉన్నది. పస్తుకు మగ్రిబ్ వేళ అంటూ లేదు.

ఇస్లాం బోధన కూడ ఆకలిని కీర్తించలేదు. ఆకలి నుండి తనను కాపాడుమని ప్రవక్త (స) అల్లాహ్‌ను వేడుకున్నట్లు హదీసులలో ఉన్నది. సహరీ తినుమని, ప్రొద్దు క్రుంకగానే ఆలస్యం చేయక ఇఫ్తార్ చేయుమని ఆయన ప్రోత్సహించారు. రాత్రింబవళ్లు విరామం లేకుండా ఉపవాసాలు పాటించడాన్ని అనుచరులకు వారించారు. రోగికి, ప్రయాణికునికి ఖుర్‌ఆన్ మినహాయింపునిచ్చింది. బాధే గమ్యమైతే ఈ సౌలభ్యాలకు చోటుండదు.

మరి గమ్యం ఏమిటి? బఖరా సూరాలోని 183వ ఆయతు దానిని ఒకే మాటలో చెప్పింది: తఖ్వా. తెలుగులో దీనిని భయభక్తులని, దైవభీతి అని అంటున్నారు. తప్పు కాదు గాని, మూలధాతువులో ఉన్న 'కాపాడుకొనుట' అనే అర్థం ఈ మాటల్లో వినిపించదు. ఎవరూ చూడని గదిలో, చేతికందే దూరంలో చల్లని నీళ్లుండగా, దాహంతో ఉన్న మనిషి కుండను ముట్టడు. హలాల్ అయిన నీటినే ఆజ్ఞ కోసం వదులుకున్నవాడు హరామ్ అయిన సొమ్మును ముట్టకుండా తనను తాను కాపాడుకోవాలి. అదే తఖ్వా. ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో ఉపవాసానికి మూడు అంతస్తులు చెప్పి, కడుపు ఉపవాసాన్ని మొదటి మెట్టుపై ఉంచింది ఇందుకే. పగలు మానినదంతా రాత్రి రెట్టింపుగా ఆరగించేవానికి ఉపవాస ఫలం దక్కదని కూడ ఆయన హెచ్చరించారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. పేదవానికి కూడ రోజా విధి కావడంలో అతని పట్ల గౌరవం ఉన్నది. అతడు ధనికునికి ఆకలి పాఠం నేర్పే పలక కాడు. అల్లాహ్ ఆజ్ఞకు స్వయంగా జవాబు చెప్పగల దాసుడు. లేమిలోనూ నిగ్రహం మనిషికి సాధ్యమే అనడానికి మన్యంలోనే నిదర్శనం ఉన్నది. కొత్త మామిడికాయలు గాని, కొత్త గింజలు గాని 'కొత్త' పండుగ జరిగేవరకు తినరాదన్నది ఈ కొండజాతుల కట్టుబాటు. వారి ఆరాధనా విధానం వేరు, ఇస్లాం ఏకేశ్వర విశ్వాసం వేరు. అయినా ఎదుట పండిన పంట ఉండగా వేళ కోసం ఆగే ఆ మనిషిని ఆకలి బొమ్మగా చూడటం అన్యాయం.

ఇక పేదవాని ఆకలి మాటేమిటి? ఇస్లాం దానిని సానుభూతికి వదిలివేయలేదు, చట్టంలో పొందుపరచింది. కోలుకునే ఆశలేక ఉపవాసం ఉండలేనివారు రోజుకొక పేదకు అన్నం పెట్టాలి. కావాలని రోజా భంగపరచినవానికి పరిహారం మూడు మెట్లు: బానిసకు విముక్తి, అది లేనప్పుడు ఎడతెగని రెండు నెలల ఉపవాసాలు, అదీ చేతకానప్పుడు అరవై మంది పేదలకు భోజనం. విముక్తి మొదటి మెట్టు కావడం గమనార్హం. మన్యంలో అప్పుకింద మనిషిని కట్టివేసే వెట్టిని మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ రెగ్యులేషన్ ద్వారా రద్దు చేసింది. దేశమంతటికీ వర్తించే చట్టం 1976లో వచ్చింది. రోజా ధర్మశాస్త్రం ఆ మాటను ఎన్నో శతాబ్దాల ముందే పలికింది.

ఫిత్రా విషయంలోనూ ఆలోచించవలసినది ఉన్నది. జకాత్ ముస్లిం పేదలకే చెందుతుందన్నది ధర్మవేత్తల సాధారణ నిర్ణయం. ఫిత్రాను ముస్లిమేతర పేదకు కూడ ఇవ్వవచ్చునని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయపడగా, ఇమామ్ అబూ యూసుఫ్ అంగీకరించలేదు. ఐచ్ఛిక దానానికి మాత్రం అటువంటి అడ్డు లేదు. కనుక కొండవాలున గింజలు నిండుకున్న గదబ ఇంటికి రమజాన్ అన్నం చేరకపోతే, లోపం ధర్మశాస్త్రానిది కాదు.

సంతలో రోజాతో కూర్చున్న వర్తకుని ఉపవాసానికి పరీక్ష అతని నోటి వద్ద ముగియదు. తూకం రాయి వద్దకు కూడ వస్తుంది. అబద్ధాన్నీ, అబద్ధపు నడవడినీ విడువనివాడు అన్నపానీయాలు మానినందువల్ల అల్లాహ్‌కు అక్కర ఏమీ లేదని ప్రవక్త (స) స్పష్టంచేశారు. గిరిజనుని పసుపు, చింతపండు సరిగా తూగిన నాడు ఆ వర్తకుని ఆకలికి ఉపవాసమనే పేరు దక్కుతుంది. తూగని నాడు అతనికి మిగిలేది పస్తే.