బక్షీసు, జీతం, మూడో మనిషి

హోటళ్లలో, రైళ్లలో, వినోదశాలల్లో పనిచేసేవాళ్ల గురించి రాసే రచయితకు టిప్పు చాలా అనువైన వస్తువు. ఇద్దరు మనుషులు, చాపిన ఒక చెయ్యి, అందులో ఒక నాణెం, దాని వెనక కాస్త దయ లేదా కాస్త అవమానం. చిన్న కథకు ఇంతకంటే ఏం కావాలి? అయితే ఈ సన్నివేశంలో మూడో మనిషి ఒకడు ఉండాలి. అతడే యజమాని. ఇచ్చినవాడి మంచితనం మీదా, పుచ్చుకున్నవాడి ఆత్మాభిమానం మీదా మాత్రమే దృష్టి నిలిపిన రచన, జీతం ఎందుకు చాలలేదన్న ప్రశ్నను కప్పిపెడుతుంది. రచయిత ఉద్దేశం అది కాకపోవచ్చు. ఫలితం మాత్రం అదే.

మన భాష ఈ తేడాను ఎరుగును. కూలి, జీతం అడిగి పుచ్చుకునేవి. ఇనాం, బక్షీసు ఇస్తే పుచ్చుకునేవి. కూలి ఎగ్గొట్టాడని అంటాం. బక్షీసు ఎగ్గొట్టాడని ఎవరూ అనరు. మొదటిది బాకీ, రెండోది చిత్తం. బాకీని చిత్తంగా మార్చగలిగిన యజమానికి ఎంత లాభమో అమెరికా చరిత్ర చెబుతుంది. అంతర్యుద్ధం ముగిశాక బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారిని పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ బోగీల్లో పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం తక్కువ, లోటును ప్రయాణికుల టిప్పులు పూడ్చుకోవాలి. ఆ పోర్టర్లు 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకుని, 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. అయినా 1966 నాటి చట్ట సవరణ టిప్పును కనీస వేతనంలో జమకట్టుకునే వెసులుబాటు యజమానులకు ఇచ్చింది. టిప్పులు బాగా వచ్చే ఉద్యోగికి యజమాని స్వయంగా చెల్లించవలసిన ఫెడరల్ కనీసం 1991లో గంటకు 2.13 డాలర్లయింది, ఆ తర్వాత అది కదలలేదు. కాలిఫోర్నియా ఈ జమను ఒప్పుకోదు. ఫ్లోరిడా గంటకు 3.02 డాలర్ల మేరకు ఒప్పుకుంటుంది.

డిస్నీ సంస్థ పేరుపొందిన థీమ్ పార్కులు ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 1955లో ఒకటి, ఫ్లోరిడాలో 1971లో మరొకటి తెరిచారు. అక్కడ భోజనశాలల్లో వడ్డించేవారికీ, హోటళ్లలో సామాను మోసేవారికీ టిప్పు ఉంటుంది. పార్కులో ఊడ్చేవారు, సవారీలు నడిపేవారు మాత్రం ఎవరైనా ఇవ్వబోతే మర్యాదగా వద్దనాలి. చెయ్యి చాపనవసరం లేదు గనుక ఇది కార్మికుడి గౌరవం కాపాడే నియమంలా కనిపిస్తుంది. అలా అనుకుంటే పొరపాటే. అక్కడి చిరునవ్వు ధర టిక్కెట్టులోనే కలిసి కంపెనీ ఖజానాకు చేరుతుంది. టిప్పు ఉన్నచోట నవ్వుకు కొనుగోలుదారు అతిథి, లేనిచోట కంపెనీ. నవ్వే మనిషి చేతిలో మాత్రం బేరం రెండుచోట్లా లేదు. 2025లో టిప్పుల మీద ఆదాయపు పన్ను తగ్గిస్తూ చట్టం వచ్చినప్పుడు, టిప్పు పుచ్చుకోకూడని ఊడ్చేమనిషికి అందులో దక్కినదేమీ లేదు.

ఈ నవ్వును శ్రమగా గుర్తించి, దానికి పేరు పెట్టిన రచన ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల మీద వెలువరించిన గ్రంథం. దాని వెలుగులో జాన్ వాన్ మానెన్ 1991లో డిస్నీలాండ్ గురించి రాసిన ‘ది స్మైల్ ఫ్యాక్టరీ’ వ్యాసం చదవాలి. తాను ఒకప్పుడు అక్కడ పనిచేసినవాడు గనుక లోపలి భాష అతనికి తెలుసు. అక్కడ వినియోగదారు ‘అతిథి’, యూనిఫారం ‘వేషం’. ఉద్యోగిని నాటకంలో పాత్రధారి అంటారు. పాత్రధారికి అలసట చూపే హక్కు ఉండదు గదా! నౌకరీని నటన అన్నందువల్ల నౌకరీ బరువు తగ్గలేదు. దాని గురించి మాట్లాడే మాటలు మాత్రం పోయాయి. అయితే వాన్ మానెన్ అక్కడితో ఆగలేదు. దురుసుగా ప్రవర్తించిన అతిథికి సీటుబెల్టు కాస్త గట్టిగా బిగించే ఆపరేటర్లను కూడా చూపించాడు. నవ్వు చెదరకుండానే జరిగే ఆ చిన్న ప్రతీకారంలో ఒక కథకుడు పట్టుకోవలసిన వాస్తవం ఉంది.

ఇక రెండు చిత్రాలు. షాన్ బేకర్ 2017లో తీసిన ‘ది ఫ్లోరిడా ప్రాజెక్ట్’లో పార్కు దాదాపు కనిపించదు. దాని పొలిమేరలో, ఊదారంగు మోటెల్లో, వారాల లెక్కన అద్దె కట్టుకుంటూ బతికే హేలీ, ఆమె ఆరేళ్ల కూతురు మూనీ కనిపిస్తారు. నెల నిండితే అద్దెదారు హక్కులు పుడతాయేమోనని ఒక రాత్రి గది ఖాళీ చేయిస్తారు. డాక్టరు తినమన్నాడని చెప్పి మూనీ ఐస్‌క్రీమ్ కోసం పరాయివాళ్ల దగ్గర చిల్లర రాబడుతుంది. ప్రేక్షకులు నవ్వుతారు. నవ్వవలసిందే. కాని డబ్బున్నవాడి ముఖం చూసి మాట మలుచుకునే విద్య ఆ పిల్లకు అప్పుడే పట్టుబడింది. టిప్పు మీద బతికేవాళ్లకు మొదటి పాఠం అదే. దీన్ని ఒక్క ఉపన్యాసం లేకుండా చూపడం బేకర్ గొప్పతనం.

ఆ చిత్రంలో సంఘం లేదు, సమ్మె లేదు కనుక అది అభ్యుదయకరం కాదని మనలో కొందరు తీర్పు చెప్పవచ్చు. ఆ కొలత సరైంది కాదు. లేని పోరాటాన్ని అతికించడం వాస్తవికత కాదు. బేకర్ బలహీనత మరోచోట ఉంది. మేనేజరు బాబీ మంచివాడు. అద్దెకు గడువిస్తాడు, పిల్లలను కాపాడతాడు. చిత్రంలో ఊరట అంతా ఈ ఒక్క మనిషి దయమీద నిలిచింది. మోటెలు సొంతదారు పక్కకు తప్పుకుంటే ప్రేక్షకుడి కృతజ్ఞత బాబీకి పోతుంది. మనం మొదట చెప్పుకున్న బక్షీసు కథే ఇది, కాస్త పెద్ద రూపంలో.

రెండోది 2022 నాటి డాక్యుమెంటరీ ‘ది అమెరికన్ డ్రీమ్ అండ్ అదర్ ఫెయిరీ టేల్స్’. కేథ్లీన్ హ్యూజ్‌తో కలిసి తీసిన అబిగెయిల్ డిస్నీ, సంస్థ స్థాపకుల్లో ఒకరైన రాయ్ డిస్నీకి మనుమరాలు. ఇందులో మూడో మనిషి దాక్కోలేదు. 2018లో అనహైమ్ కార్మికుల మీద జరిగిన సర్వేలో, జీతం కనీస ఖర్చులకు చాలడం లేదన్నవారు 73 శాతం. గత రెండేళ్లలో ఇల్లు లేక గడిపామన్నవారు 11 శాతం. అదే ఏడు సంస్థ అధిపతి బాబ్ ఐగర్‌కు ముట్టింది 6.5 కోట్ల డాలర్లకు పైమాటే. సొంత కుటుంబపు పేరును నిలదీయడం సామాన్యమైన విషయం కాదు. అయితే చిత్రం పదేపదే తాతగారి ధర్మబుద్ధిని గుర్తుచేసి, ఇప్పటి అధికారుల మనస్సాక్షిని తడుతుంది. ఆ తాతగారి కాలంలోనే, 1941లో, డిస్నీ యానిమేటర్లు సమ్మె కట్టారు. ధర్మప్రభువుల స్వర్ణయుగం కార్మికుల జ్ఞాపకాల్లో లేదు.

తర్వాత జరిగిన సంగతులు మనస్సాక్షి వల్ల జరగలేదు. నగర రాయితీలు పొందే పెద్ద రిసార్టు యజమానులు జీవన వేతనం చెల్లించాలని అనహైమ్ ఓటర్లు 2018లో తీర్మానించారు. ఆ చట్టం తనకు వర్తించదని సంస్థ వాదించింది. వర్తిస్తుందని 2023లో అప్పీలు కోర్టు తేల్చింది. 2024లో 23.3 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. అదే ఏడు మే నెలలో డిస్నీలాండ్‌లో బొమ్మల వేషాలు కట్టేవారు, ఊరేగింపుల్లో ఆడేవారు 953–258 ఓట్లతో యూనియన్‌ను ఎన్నుకున్నారు. పాత్రధారులన్న పిలుపును కంపెనీ ఇచ్చింది. ఆ పిలుపును నిజంచేసి, నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీలోనే చేరారు వాళ్లు.

ఇంతటి వస్తువు ఇంకా కథలకెక్కవలసే ఉంది. సేవకుడి కన్నీళ్లు, దాత ఔదార్యం మనకు అలవాటైన దారి. నాణెం చేతులు మారేచోటే కథ ముగిస్తే చదువరి తన జేబు తడుముకుంటాడు. జీతం పట్టీ దాకా నడిపిస్తే మూడో మనిషిని వెతుకుతాడు. రాయబోయేవాళ్లు ఈ రెండో దారి పట్టాలి.