రిజిస్టర్‌లో మనం ఎవరం?

వయసు మీద పడ్డాక ఊరు చూసి గది వెతకం, గది చూసి ఊరు ఎంచుకుంటాం. ఈ సంగతి హైదరాబాదు తార్నాకలో ఎవరినడిగినా చెప్తారు. ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ, ఇఫ్లూ, రైల్వే, ఉస్మానియా అన్నీ చుట్టుపక్కలే కాబట్టి మా పేటలో పెన్షన్‌దార్లకు కొదవ లేదు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచే గుంపుల్లో షుగరు, మనవల వీసా సంగతులు అయిపోయాక మూడో కబురు రూములదే. కాశీలో ఎక్కడ దిగారు, ఎన్ని మెట్లు, వేడినీళ్ళు ఎన్ని గంటలకు ఆపేస్తారు? "లిఫ్ట్ ఉన్నదా, కమోడ్ ఉన్నదా అడుగు మేడం, ఏసీ సంగతి తర్వాత చూస్కోవచ్చు" అని ఒక రైల్వే పెద్దాయన నాకు మొదట్లోనే చెప్పారు. ఆ వరుస నేను ఇంతవరకూ మార్చలేదు.

ఫోన్‌లో నేనడిగే ప్రశ్నలకు మావారు సిగ్గుపడతారు. బాత్‌రూమ్ గడప ఎంత ఎత్తు, మంచం పక్కన స్విచ్ ఉందా, బట్టలారేసుకోడానికి తీగ ఉందా, తెల్లవారుజామున ఐదింటికి టీ ఎవరైనా ఇస్తారా? ఫొటోల్లో ఇవేవీ కనిపించవు. ఫొటోల్లో కనిపించేది దుప్పటి మీద హంస ఆకారంలో మడిచిన తువ్వాలు. దానితో మాకేం పని?

ఖర్చు కూడా చూసుకోవాలి కదా. రైల్లో పెద్దవాళ్ళకిచ్చే రాయితీ, మగవాళ్ళకు 40, ఆడవాళ్ళకు 50 శాతం ఉండేది, 2020 మార్చిలో ఆగిపోయి మళ్ళీ రాలేదు. లోయర్ బెర్త్ కోటా మాత్రం మిగిలింది. ఒకప్పుడు తార్నాక నుంచి ప్రయాణమంటే సికింద్రాబాద్ స్టేషనే. ఇప్పుడు మెట్రోలో అది రెండు స్టాపుల దూరమే, కానీ కొన్ని రైళ్ళు చర్లపల్లికి తరలిపోయాయి. టికెట్టుకు పోయిన డబ్బు గదిలో మిగుల్చుకోవాలి. అలా మిగుల్చుకోవాలనుకున్న తెలుగువాళ్ళకు తరతరాలుగా ఉన్న దారి సత్రం.

మాకు చిక్కు వచ్చింది అక్కడే. శ్రీశైలంలో బ్రాహ్మణులకు కరివేన సత్రం, ఆర్యవైశ్యులకు వాసవీ సత్రం, రెడ్లకొకటి, కమ్మవారికొకటి. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో బోర్డులు చదువుకుంటూ పోతే జనాభా లెక్కల పుస్తకం తిరగేసినట్టుంటుంది. ఎగతాళికి అనడం లేదు. చాలావాటిలో గదులు శుభ్రంగా ఉంటాయి, భోజనం ఇంటి భోజనంలా ఉంటుంది, దాతలు కష్టార్జితం పోసి కట్టించారు. కొన్ని ఇప్పుడు ఖాళీ ఉంటే ఇతరులకూ ఇస్తున్నాయి. కానీ కార్తీక మాసంలో కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న మీరెవరు అనే. మాది కులాంతర వివాహం, డెబ్బైల్లో ఉస్మానియా క్యాంపస్‌లో కుదిరింది. ఆయన తరఫున అడిగితే ఒక సత్రం, నా పుట్టింటి తరఫున అడిగితే ఇంకో సత్రం. "ఏ కులం పేరు మీదా నాకు మంచం వద్దు" అంటారాయన. సిద్ధాంతంగా నేనూ అదే అంటాను. అయితే ఆ మాట ఆయన మెట్ల కింద నిలబడి అంటారు, నా మోకాళ్ళు మెట్ల మీద వింటాయి. చివరికి దేవస్థానం వాళ్ళ గంగా సదన్‌కో గౌరీ సదన్‌కో పోతాం. నల్లమల దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి గది ఖాయం కాకుండా సాయంత్రం బయల్దేరే పని పెట్టుకోం.

మీరెవరు అన్న ప్రశ్న ఒక్క శ్రీశైలంలోనే అనుకున్నాను చాలాకాలం. తిరిగిన కొద్దీ ప్రతి కౌంటర్‌లోనూ అదే ఉందని తెలిసింది. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్ర ఆశ్రమంలో మన అర్హత తెలుగు. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని వచ్చిన గుంటూరు, కరీంనగర్ దంపతులు అక్కడ ఒకే పంక్తిలో కూర్చుని పప్పూ పచ్చడీ తింటారు. తిరుమలలో జంటగా ఉండటమే అర్హత. ఒంటరిగా వెళ్తే గది కష్టం. ఆపైన 2023 నుంచి కెమెరా మన ముఖం గుర్తుపట్టాలి కూడా. మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో గదులు విడుదల చేసే రోజున మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఓ ముసలి జంట వచ్చి కూర్చుంటుంది, బుక్ చేసిపెట్టమని.

ఏనుగుల వీరాస్వామికి ఈ బాధ తక్కువ. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి, 1830 మేలో పెద్ద పరివారంతో, డేరాలతో కాశీకి బయల్దేరి, హైదరాబాదు మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ మజిలీకీ అక్కడ నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని రాసిపెట్టాడు. దాన్ని భక్తి పుస్తకమంటారు గానీ, తెలుగులో బసల గురించి అంత ఓపిగ్గా రాసిన మనిషి ఇంకొకరు నాకు కనబడలేదు.

మాకు అన్నిటికన్నా నచ్చినవి యూనివర్సిటీ గెస్ట్ హౌస్‌లు. మావారు ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు, ఒక లెటర్ పెడితే ఖాళీ ఉన్నప్పుడు ఇస్తారు. నక్షత్రాలు ఉండవు, కర్టెన్లు వెలిసిపోయి ఉంటాయి, అయినా గేటు దాటితే చెట్ల కింద రోడ్డు, హార్న్ల మోత లేని నడక, క్యాంటీన్లో టీ, లోపలే హెల్త్ సెంటర్. బనారస్‌లో బీహెచ్‌యూ లోపలే విశ్వనాథుడి కొత్త గుడి కూడా ఉంది. గంగ ఒడ్డు సందుల్లో నడవలేని రోజున అక్కడే దండం పెట్టుకోవచ్చు. మన ఆర్ట్స్ కాలేజీ పుట్టిందే ఇలాంటి తిరుగుడు వల్ల. ఉస్మానియా తరఫున సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చాకే బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనాతో 1939కి ఆ గులాబీ రాతి భవనం లేచింది.

క్యాంపస్ గదుల్లో పెద్దవాళ్ళను దించడం అమెరికాలోనూ జరిగింది. అక్కడ 1975లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఐదు కాలేజీల్లో వేసవిలో ఖాళీగా పడున్న హాస్టల్ గదులను అరవై దాటినవాళ్ళకిచ్చి, నాలుగు పాఠాలు కూడా చెప్పారు. ఎల్డర్‌హాస్టల్ అన్నారు దాన్ని, ఇప్పుడు రోడ్ స్కాలర్. ఆ కబురు చదివి మావారు ఉత్సాహపడ్డారు, మనమూ పెట్టించవచ్చు కదా అని. నేను ఒప్పుకోలేదు. ఇక్కడ ఎండాకాలం హాస్టళ్ళు మూస్తామంటే, నీళ్ళు లేవంటే, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు రోడ్డెక్కుతారు. వాళ్ళ గదుల్లో మనం వెళ్ళి పడుకుంటామంటే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

గెస్ట్ హౌస్ దగ్గర ఇంకో పేచీ ఉంది. సెలక్షన్ కమిటీ వచ్చిందంటే మన గది వాళ్ళదైపోతుంది. ఒకచోట అలా వరండాలో కూర్చున్నాం. అది పెద్ద సంగతి కాదు. నన్ను పొడిచేది రిజిస్టర్. హోదా అన్న గడిలో ఆయన ప్రొఫెసర్, రిటైర్డ్ అని రాస్తారు. నా గడి గుమాస్తాయే నింపుతాడు: విత్ వైఫ్. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, పీహెచ్‌డీ ఇదే ఉస్మానియాలో. సత్రంలో ఆయన కులం, గెస్ట్ హౌస్‌లో ఆయన హోదా. నా ముఖం నాదేనని ఒప్పుకున్నది తిరుమల కెమెరా ఒక్కటే.

డిసెంబరులో విశాఖ వెళ్దామనుకుంటున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం గెస్ట్ హౌస్‌కు ఈసారి లెటర్ నా పేరు మీద పెట్టాను, ఆయన 'విత్ హస్బెండ్' కింద వస్తారు. దానికేమీ అనలేదు గానీ, ఆయన పాత లెటర్‌హెడ్ కూడా ఒకటి సంచిలో వేసుకోమన్నారు. జవాబు ఇంకా రాలేదు. రాకపోతే స్టేషన్ దగ్గర హోటళ్ళకు ఫోన్ చేస్తాను, బాత్‌రూమ్ గడప ఎత్తు అడగడంతో మొదలుపెట్టి.