ఈ-పుస్తకాలు – కౌలు గ్రంథాలయాలు

ఈ-పుస్తకం రచయితకు స్వేచ్ఛ తెచ్చిందనే వాదన ఈ మధ్య మన సభల్లో తరచుగా వినిపిస్తోంది. అచ్చాఫీసు బాకీ లేదు, పంపిణీదారుని దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు, అమ్ముడుపోని ప్రతులను మంచం కింద దాచుకోవలసిన పని లేదు. సొంత ఖర్చుతో అయిదువందల ప్రతులు వేసుకొని, అందులో సగం సంతకాలు పెట్టి పంచిపెట్టే తెలుగు రచయితకు ఇది చిన్న వూరట కాదు. అంతవరకు ఆ వాదనతో నాకు పేచీ లేదు. కాని అందులో పాఠకుడు ఎక్కడున్నాడు? కొనగలిగిన పాఠకుడు మాత్రమే వున్నాడు. కొనలేని పాఠకుడి కోసం ఈ గడ్డ మీద ఒక పెద్ద వుద్యమమే నడిచిందన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ, 1935లో పెదపాలెం నుంచి కాలువ మీద పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం – ఈ చరిత్ర మన విద్యార్థులకు తెలిసిందే. నేను చెప్పదలచింది దాని అడుగున వున్న ఒక ఆర్థిక సూత్రం గురించి. గ్రంథాలయం పుస్తకాన్ని ఒకసారి కొంటే అది గ్రంథాలయానిదే. ఎంతమందికి, ఎన్నేళ్లు అరువిచ్చినా ప్రచురణకర్త వచ్చి లెక్క అడగడానికి వీల్లేదు. దానం మీదా, త్యాగం మీదా మొదలైన ఆ వుద్యమం నిలబడింది మాత్రం ఈ సమష్టి యాజమాన్యం మీద.

ఈ-పుస్తకం దెబ్బకొట్టింది సరిగ్గా దీన్నే. ఈ విషయంలో మనకన్నా చాలా ముందు నడిచిన అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి పెద్ద ప్రచురణ కంపెనీలు గ్రంథాలయాలకు ఈ-పుస్తకాన్ని అమ్మవు, లైసెన్సు ఇస్తాయి. మన భాషలో చెప్పాలంటే కౌలుకిస్తాయి. 2011లో హార్పర్ కాలిన్స్ ఒక నిబంధన పెట్టింది: 26 సార్లు అరువిచ్చాక ఆ ప్రతి మాయమవుతుంది, కావాలంటే మళ్లీ కొనుక్కోవాలి. కాగితం పుస్తకమూ అరిగిపోతుంది గదా అన్నది వారి సమర్థన. (మా బడి లైబ్రరీలో రెండుసార్లు గుడ్డ అట్ట వేయించుకొని, వందమంది పిల్లల చేతుల్లో నలిగినా చదువుకోడానికి వీలుగానే వున్న పుస్తకాలు వారికి చూపించాలని నాకు చాలా కోరిక.) 2019 నవంబరులో మాక్మిలన్ ఇంకో అడుగు వేసింది. కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఎంత పెద్ద గ్రంథాలయ వ్యవస్థకైనా ఒక్క ప్రతే. ఆ తర్వాత 60 డాలర్లకు రెండేళ్ల కౌలు. గ్రంథాలయాలు తిరగబడ్డాయి, 2020 మార్చిలో కంపెనీ ఆ ఎనిమిది వారాల ఆంక్షను ఎత్తేసింది. రెండేళ్ల కౌలు జోలికి మాత్రం పోలేదు. ఇతర పెద్ద కంపెనీల్లోనూ కాలపరిమితి పద్ధతే స్థిరపడింది.

దీని మీద వచ్చిన నిరసనలో ఎక్కువ భాగం ఆ 26 అంకె చుట్టూ తిరిగింది. సాహిత్యం వైపు నుంచి చూస్తే నా అభిప్రాయం వేరు. 26 సార్ల షరతు జనాదరణ గల నవలను ఏడాదిలో మింగేస్తుంది గాని, ఏడాదికి ఒక్కరు అడిగే కవితా సంపుటిని పాతికేళ్లు బతకనిస్తుంది. రెండేళ్ల కౌలు అలా కాదు. రెండేళ్లలో ముగ్గురే చదివిన పుస్తకానికి గ్రంథపాలకుడు మళ్లీ డబ్బు కట్టగలడా? కట్టలేడు. అతన్ని తప్పుపట్టలేం. అతని బడ్జెటు అతని చేత ఆ ఎంపిక చేయిస్తుంది. ఇక బీరువాలో మిగిలేది చురుగ్గా తిరిగే పుస్తకమే.

ఈ తర్కం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 1970లలో, 80లలో వీధివీధినా వెలసిన అద్దె పుస్తకాల షాపుల తర్కం ఇదే. వాటిని చులకన చేసే పండితుల్లో నేను లేను. ఎందరో గృహిణులకు నవల చదివే అలవాటు చేసింది ఆ షాపులే. కాని నెలరోజులు కదలని పుస్తకానికి అక్కడ చోటు లేదు. కథల సంపుటికి దాదాపు లేదు, కవిత్వానికి బొత్తిగా లేదు. అద్దె సూత్రం పుస్తకాల ఎంపికతో ఆగదు, రూపంలోకి కూడా చొరబడుతుంది. 1842లో ఇంగ్లండులో మొదలైన మ్యూడీ అద్దె గ్రంథాలయం చందాదారుకు సంపుటాల లెక్కన పుస్తకం ఇచ్చేది గనుక నవల మూడు సంపుటాలుగా సాగవలసి వచ్చింది. 1894లో మ్యూడీ, స్మిత్ సంస్థలు షరతులు మార్చగానే కొద్ది ఏళ్లలో ఆ రూపమే అంతరించింది. నేటి కిండిల్ అన్‌లిమిటెడ్ 2015 నుంచి పాఠకుడు చదివిన పేజీల లెక్కన రచయితకు డబ్బు ఇస్తోంది. నాలుగు పేజీల కథ రాసినవాడికి నాలుగు పేజీల కూలి! ఈ కొలతకు లోబడిన రచయిత కథను ఎక్కడ ముగిస్తాడో విమర్శకులు పరిశీలించవలసిన విషయం.

‘ఇంత చర్చ ఎందుకు, పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతున్నాయిగా’ అనే మిత్రులున్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేల తెలుగు పుస్తకాలు స్కాన్ కావడం పరిశోధకులకు చేసిన మేలు నేను కాదనను. అయితే బతికున్న రచయిత పుస్తకాన్ని అనుమతి లేకుండా వాట్సాప్‌లో పంచిపెట్టి దాన్ని ప్రజాస్వామ్యం అనడం శ్రమను గౌరవించే మాట కాదు. పాఠకుడికి ఉచితంగా, రచయితకు ప్రతిఫలంతో పుస్తకం అందించే పద్ధతి లోకంలో వుంది. గ్రంథాలయం అరువిచ్చినందుకు ప్రభుత్వ నిధి నుంచి రచయితకు చెల్లించే విధానాన్ని డెన్మార్క్ 1946లో మొదలుపెట్టింది. బ్రిటన్ 1979లో చట్టం చేసి, 2018 జులై నుంచి ఇంటి దగ్గర కూర్చుని అరువు తెచ్చుకునే ఈ-పుస్తకాలకూ వర్తింపజేసింది. మన దేశంలో అలాంటి హక్కు లేదు. దాన్ని అడిగిన రచయితల సంఘం తీర్మానం కూడా నా కంటపడలేదు.

స్వతంత్ర రచయితకు కంపెనీ రచయితకు లేని బలం ఇక్కడే వుంది. అతని హక్కులు అతని చేతుల్లోనే వున్నాయి. 2012లో అమెరికాలోని కొలరాడోలో డగ్లస్ కౌంటీ గ్రంథాలయాలు పెద్ద కంపెనీల షరతులతో విసిగి, స్మాష్‌వర్డ్స్ ద్వారా స్వీయ ప్రచురణ రచయితల ఈ-పుస్తకాలను వేల సంఖ్యలో కొన్నాయి. కౌలుకు కాదు, శాశ్వతంగా. ఫైళ్లు గ్రంథాలయం సర్వర్లోనే వుంటాయి. కాగితం పుస్తకంలాగే ఒక ప్రతి ఒకసారి ఒక్కరికే అరువు. గ్రంథాలయ ధర నిర్ణయించుకునే వీలు రచయితకు వుంది. వేలల్లో కొన్నప్పుడు అందులో తాలు కూడా వుంటుంది, నిజమే. దాన్ని చెరిగే పని విమర్శకులది.

మనకు 1960 నాటి గ్రంథాలయ చట్టం వుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. 2010లో మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకాన్ని అమ్మకానికీ అద్దెకూ పెట్టింది గాని, అవి ప్రజా గ్రంథాలయం గడప దాటి లోపలికి వెళ్లే దారి పడలేదు. ఆ దారి ఎలాంటి షరతుల మీద పడాలన్నది కంపెనీలు రాకముందే రచయితలు తేల్చుకోవాలి. మన సంఘం ప్రచురణల రెండో పేజీలో ‘సర్వహక్కులు రచయితవి’ అని వేస్తున్నాం. దాని కిందనే ఇంకో పంక్తి వెయ్యాలని నా ప్రతిపాదన: ఈ పుస్తకం ఫైలును ఏ ప్రజా గ్రంథాలయమైనా అచ్చు ప్రతి ధరకే కాలపరిమితి లేకుండా కొనుక్కోవచ్చు, ఒకసారి ఒక్కరికి చొప్పున ఎన్నిసార్లయినా అరువివ్వవచ్చు. వచ్చే మహాసభ ఎజెండాలో దీన్ని చేర్చమని కార్యవర్గానికి విడిగా రాస్తున్నాను.