అభిమానులు అడిగిన ప్రశ్న, అడగని ప్రశ్న

అభిమాని అనే మాటకు మన విమర్శలో గౌరవం లేదు. ఆ మాట వినగానే సినిమాహాలు ముందు నిలబెట్టిన కటౌటూ, దానికి చేసే పాలాభిషేకమూ గుర్తుకొస్తాయి. పాఠకుడికి అభిరుచి వుంటుంది, విమర్శకుడికి దృక్పథం వుంటుంది, అభిమానికి మాత్రం ఆవేశం తప్ప మరేమీ వుండదని మనం తేల్చేసుకున్నాం. ఆ అభిమానం మాయామంత్రాల బొమ్మల కథ మీదైతే ఇక చెప్పనక్కరలేదు. పిల్లల వ్యవహారమనో, పలాయనవాదమనో, బజారు సరుకనో ఒక మాట అనేసి ముందుకు పోతాం. ఈ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. దాన్ని నిరూపించడానికి ఒక అమెరికన్ బొమ్మల సీరియల్‌నూ, దాని అభిమానులు ఏళ్ళ తరబడి తమలో తాము చేసుకుంటున్న వాదోపవాదాలనూ ఇక్కడ పరిశీలిస్తాను.

ఆ సీరియల్ పేరు ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’. నికెలోడియన్ అనే పిల్లల టెలివిజన్ సంస్థ 2005 ఫిబ్రవరి 21 నుంచి 2008 జూలై 19 వరకు 61 భాగాలుగా దీన్ని ప్రసారం చేసింది. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్స్‌కో దీని సృష్టికర్తలు. కథాలోకంలో నాలుగు జాతులున్నాయి. ఒక్కొక్క జాతిలో కొందరికి నీటినో, నేలనో, నిప్పునో, గాలినో వశం చేసుకునే విద్య పుట్టుకతో వస్తుంది. నాలుగు విద్యలూ రాగలవాడు లోకంలో ఒక్కడే. అతడే అవతార్. అతడు చనిపోతే మరో జాతిలో మళ్ళీ పుడతాడు. పేరు మన పురాణాల్లోంచి వెళ్ళిందే అయినా, ఈ అవతారం దేవుడు కాడు. పన్నెండేళ్ళ కుర్రాడు, పేరు ఆంగ్. వాడు నూరేళ్ళు మంచుగడ్డలో వుండి లేచేసరికి అగ్నిరాజ్యం వాడి జాతినంతా చంపేసింది. మిగిలిన రెండు జాతుల మీదా యుద్ధం సాగిస్తోంది. వలసలు, గనులు, ఖైదు ఓడలు, కాందిశీకులు, లొంగిపోయిన అధికారులు, అన్నీ కథలో వున్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, ఇది సామ్రాజ్యవాదాన్ని గురించి పిల్లలకు చెప్పిన కథ.

ఇక అభిమానుల మాటలు. పైపైన చూసేవాడికి వాళ్ళ గొడవంతా ఒకటే: కటారా అనే అమ్మాయి ఆంగ్‌ను చేసుకోవాలా, అగ్నిరాజ్యపు రాకుమారుడు జూకోను చేసుకోవాలా? ఈ విషయం మీద వాళ్ళు రెండు శిబిరాలుగా చీలిపోయారు. కథ ముగిసి ఇన్నేళ్ళయినా ఆ చర్చ ఆగలేదు. విని నవ్వుకోవచ్చు. కాని ఆ వాదన లోపలికి వెళ్ళి చూడండి. కటారా తల్లిని చంపింది అగ్నిరాజ్యపు సైనికుడు. ఆ రాజ్యం గద్దెకు వారసుడైనవాడు మనసు మారి వచ్చి, ఆమెతోపాటు ఆ హంతకుణ్ణి వెతకడానికి బయలుదేరుతాడు. వాడు దొరికాక ఆమె వాణ్ణి చంపదు. క్షమించదు కూడా. అభిమానులు ఇక్కడ అడిగే ప్రశ్న పెళ్ళి గురించే అయినా, దాని అడుగున వున్నది మరొకటి: దోచుకున్న జాతిలో పుట్టినవాడు మారాడని దోపిడికి గురైనవాళ్ళు ఎప్పుడు నమ్మాలి? నమ్మిన తర్వాత కూడా బాకీ తీరినట్టేనా? ప్రేమకథ రూపంలో వచ్చింది కాబట్టి ఈ ప్రశ్న చిన్నదైపోదు.

జెట్ అనే కుర్రవాడి విషయం ఇంకా స్పష్టంగా వుంటుంది. అగ్నిరాజ్యం వల్ల తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని కూడగట్టి అతడు అడవిలోంచి పోరాడుతుంటాడు. శత్రుసైన్యం ఆక్రమించిన పల్లెను ఆనకట్ట పగలగొట్టి ముంచేయాలనుకుంటాడు. అందులో సైనికులతోపాటు తన జాతికే చెందిన మామూలు జనమూ వున్నారని అతడికి తెలుసు. రచయితలు అతడి పథకాన్ని ఖండించారు. ఆ ఖండనను అభిమానులందరూ ఒప్పుకోలేదు. అతడు చేయబోయింది తప్పేనని ఒకరంటే, ఎదురుతిరిగినవాళ్ళలో ఎక్కువ కోపం వున్నవాణ్ణే దుర్మార్గుడిగా చూపించడం ఈ కథకు అలవాటైందని మరొకరు చెపుతారు. చెరసాలలో చిత్రహింసలు పడి, మనుషుల నెత్తుటిని వశం చేసుకునే విద్య కనిపెట్టిన హామా అనే ముసలామెను ఉదాహరణగా చూపిస్తారు. ఆమెను ఆ స్థితికి తెచ్చిన చెరసాల మీదకంటే ఆమె మీదనే కథ ఎక్కువ భయం పుట్టించిందంటారు. ముగింపు గురించీ ఇదే తగువు. చంపనని పట్టుబట్టిన ఆంగ్‌కు చివరి నిమిషంలో ఒక మహాసత్త్వం కొత్త విద్య ఇస్తుంది, దానితో అగ్నిరాజు శక్తి పోతుంది. ఆ గద్దె మీద జూకో కూర్చుంటాడు. ధర్మసంకటాన్ని పరిష్కరించకుండా వరంతో దాటవేశారనీ, రాజు మారాడేగాని రాజరికం మారలేదనీ అన్నవాళ్ళు ఆ అభిమానుల్లోనే వున్నారు.

వస్తువు గురించీ, పాత్రచిత్రణ గురించీ, ముగింపు ఔచిత్యం గురించీ మనం చేసే విమర్శ ఇదే కదా. వాళ్ళకు మన పరిభాష లేదు, అంతే. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెపుతాను. కర్ణుడి మీద పిల్లలు తగువు పడినప్పుడు వాళ్ళకు ఏ లక్షణ గ్రంథమూ అక్కరలేదు. పాత్ర మీద ప్రేమే వాళ్ళచేత ప్రశ్న అడిగిస్తుంది. ప్రేమించనివాడు కర్ణుడికి జరిగిన అన్యాయాన్ని లెక్కకట్టడు.

కాల్పనికత అనగానే అనుమానపడేవారికి ఒక విషయం గుర్తుచేస్తాను. కొడవటిగంటి కుటుంబరావు కంటె కచ్చితమైన వాస్తవికవాది మన కథాసాహిత్యంలో దొరకడం కష్టం. ఆయన 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో పనిచేశాడు. రాక్షసులూ, మాంత్రికులూ, బేతాళుడూ వున్న కథల్ని తీర్చిదిద్దే పని తన భౌతికవాదానికి అడ్డమని ఆయన అనుకోలేదు. కథలో మాయ వుందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ మాయ నిజాన్ని కప్పిపెడుతోందా, చూపిస్తోందా అన్నదే ప్రశ్న. ఈ సీరియల్ మూడో సీజన్‌లో ఆంగ్ మారువేషంలో అగ్నిరాజ్యపు బడికి వెళతాడు. అక్కడి పాఠంలో తన జాతిని ఊచకోత కోసిన సంగతి ఒక సైన్యం మీద సాధించిన విజయంగా వుంటుంది. మాకు సైన్యమే లేదని వాడు చెప్పబోతే ఉపాధ్యాయురాలు వాడి నోరు మూయిస్తుంది. పాఠ్యపుస్తకం చేత పట్టుకుని బతికే నాలాంటివాడు ఆ సన్నివేశాన్ని పలాయనవాదమని ఎలా అంటాడు?

ఈ అభిమానుల చైతన్యానికి అసలు పరీక్ష 2008 చివర్లో వచ్చింది. పారమౌంట్ సంస్థ ఈ కథను మనుషులు నటించే సినిమాగా తీయబోతూ నటీనటుల పేర్లు ప్రకటించింది. ముఖ్యపాత్రలు నాలుగింటికీ తెల్లవాళ్ళను ఎంచుకుంది. సీరియల్‌లో లిపి చైనాది. నాలుగు విద్యల కదలికలు తాయ్ చీ, హుంగ్ గార్, ఉత్తర షావోలిన్, బాగ్వా అనే చైనా యుద్ధవిద్యల నుంచి తీసుకున్నవి. కటారా జాతి బట్టలూ, బతుకూ ధ్రువప్రాంతపు ఇన్యూట్ ప్రజలవి. ఇన్ని తీసుకుని మనుషుల్ని మాత్రం వదిలేశారు. అభిమానులు మొదట ఉత్తరాలు రాశారు. 2009లో ‘రేస్‌బెండింగ్’ పేరుతో సంఘటితమయ్యారు. ఆ తర్వాత జూకో పాత్రకు తెల్లనటుణ్ణి తీసేసి గుజరాతీ మూలాలున్న దేవ్ పటేల్‌ను పెట్టారు. దానివల్ల అన్యాయం తగ్గలేదు, మరింత కొట్టొచ్చినట్టు కనబడింది. లోకాన్ని రక్షించేవాళ్ళంతా తెల్లవాళ్ళు, లోకాన్ని తగలబెట్టేవాళ్ళంతా నల్లని, చామనఛాయ మనుషులు! దర్శకుడు మనోజ్ నైట్ శ్యామలన్ 1970లో మాహేలో పుట్టినవాడే. చర్మం రంగు ఒకటైనంత మాత్రాన దృక్పథం ఒకటి కాదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

నిర్మాతల పక్షం చెప్పిన సమాధానం గమనించదగ్గది. ఇది కల్పిత లోకమట. కల్పిత లోకంలో ఆసియా లేదు, కాబట్టి ఆసియావాళ్ళు వుండాలన్న నియమం లేదట. ఈ వాదం అమాయకమైనది కాదు. అక్షరాలు తీసుకున్నప్పుడు, ఆటపాటలు తీసుకున్నప్పుడు, వేషభాషలు తీసుకున్నప్పుడు ఆసియా వుంది. జీతం ఇవ్వవలసి వచ్చేసరికి అది మాయమై కల్పన మిగిలింది. అభిమానులు పట్టుకున్నది సరిగ్గా ఈ వైరుధ్యాన్ని. కల్పన శూన్యంలోంచి పుట్టదనీ, ఎవరో బతికిన బతుకులోంచే పుడుతుందనీ వాళ్ళు చెప్పారు. మనం సిద్ధాంత వ్యాసాల్లో చెప్పే మాటను పదహారేళ్ళ, పాతికేళ్ళ పిల్లలు తమకిష్టమైన బొమ్మల కథ నుంచి నేర్చుకున్నారు.

వాళ్ళ కోపం వెనక ఒక చరిత్ర కూడా వుంది. కథలో అందరికీ ఇష్టమైన ఐరో అనే పెద్దమనిషికి గొంతు ఇచ్చినవాడు మాకో. జపానులో పుట్టి అమెరికా వెళ్ళిన నటుడు. ఆసియావాళ్ళకు సేవకుల వేషాలు, హాస్యపు వేషాలు తప్ప దొరకని రోజుల్లో, 1965లో, ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ అనే నాటక సంస్థను స్థాపించినవారిలో ఒకడు. 2006లో చనిపోయాడు. చనిపోయిన కొడుకును తలచుకుని ఐరో పాడే సన్నివేశాన్ని ఆయనకే అంకితమిచ్చారు. ఆ సన్నివేశాన్ని పదేపదే తలచుకునే అభిమానులకు, నాలుగేళ్ళ తర్వాత వచ్చిన సినిమా ఆయన పోరాడినదాన్నే తలకిందులు చేసిందని వేరే చెప్పాలా?

2010 జూలైలో సినిమా విడుదలైంది. విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ యేటి చెత్త సినిమాగా రాజీ బహుమతి కూడా తెచ్చుకుంది. అయినా డబ్బు బాగానే వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ మళ్ళీ మనుషులతో తీసినప్పుడు ఆసియా, ఆదివాసీ మూలాలున్నవారినే ముఖ్యపాత్రలకు తీసుకున్నారు. కటారా వేషం వేసిన అమ్మాయి మొహాక్ జాతిది. పదిహేనేళ్ళ కింద అడిగిన ప్రశ్న వృథా పోలేదన్నమాట.

ఇంతవరకు మెచ్చుకున్నాను. ఇక పరిమితి చెప్పాలి. సీరియల్ తీసిన నికెలోడియన్, సినిమా తీసిన పారమౌంట్ అప్పుడు రెండూ వయాకామ్ అనే ఒకే కంపెనీ చేతిలో వున్నాయి. సామ్రాజ్యాన్ని తిట్టే కథా, ఆ కథను తెల్లబరిచిన సినిమా ఒకే ఇనప్పెట్టెలోంచి వచ్చాయి. రెండింటి లాభమూ ఆ పెట్టెలోకే పోయింది. అభిమానులు సినిమాను బహిష్కరించమన్నారు. కాని వాళ్ళ విమర్శ చాలావరకు తెరమీద ఎవరు కనిపించాలన్న దగ్గరే ఆగింది. తెర వెనక ఎవరున్నారన్న ప్రశ్న అరుదుగా వచ్చింది.

తెర వెనక వున్నది కొరియా. ఈ సీరియల్ కథా, సంభాషణలూ అమెరికాలో తయారైతే, బొమ్మల్ని కదిలించింది జె.ఎం. యానిమేషన్, డి.ఆర్. మూవీ, ఎం.ఓ.ఐ. యానిమేషన్ అనే కొరియా స్టూడియోలు. ఒక్క క్షణం కదలికకు ఎన్నో బొమ్మలు కావాలి. ఆంగ్ గాలిలో తిరిగే ప్రతి మలుపూ ఎవరో బల్ల మీద వంగి గీసిందే. అమెరికా కంపెనీలు ఈ పనిని సముద్రం దాటించడానికి మొదటి కారణం కొరియా కళ మీద గౌరవం కాదు, అక్కడి కూలి తక్కువ. ఆ కళాకారుల్లో యూ జే మ్యుంగ్ వంటివారు 2010లో స్టూడియో మీర్ స్థాపించి సొంతపేరు తెచ్చుకున్నారు. మిగిలినవాళ్ళు భాగం చివర పరుగెత్తే పేర్ల జాబితాలో వున్నారు. ఆసియా ముఖం తెరమీద లేదని కోపగించినవాళ్ళు, ఆసియా చెయ్యి ప్రతి చట్రంలోనూ వుందన్న విషయాన్ని ఆ కోపంలో కలుపుకుని వుంటే వాళ్ళ వాదన ఇంకెంత బలపడేది!

ఇది దూరదేశపు సంగతి కాదు. రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికన్ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో వుండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాకు చేసిన పనికి దానికి ఆస్కార్ వచ్చింది. పులిని చూసి ప్రపంచం మెచ్చుకుంది, పులిని చేసినవాళ్ళు జీతం కోసం ఎదురుచూశారు.

అభిమానులు ఈ రెండో ప్రశ్న అడగలేరని నేను అనుకోను. మన దగ్గరే అడిగారు. 1954లో మొదలైన ‘తోకచుక్క’ దగ్గర్నుంచి చందమామ సీరియళ్ళు ఎన్నో దాసరి సుబ్రహ్మణ్యం రాసినవి. వాటి మీద ఆయన పేరు వుండేది కాదు. తరాల తరబడి పిల్లలు నెలనెలా ఆ కథల కోసం ఎదురుచూశారు కాని రాసిందెవరో వాళ్ళకు తెలియదు. ఆ పిల్లలే పెద్దయ్యాక, చిన్ననాటి ఇష్టాన్ని ముచ్చటించుకుంటూ ముచ్చటించుకుంటూ, ఇవి రాసినవాడెవడని వెతికారు. ఆ పేరును నలుగురి ముందుకు తెచ్చారు. ఏ విశ్వవిద్యాలయమూ పూనుకోని ఆ పనికి పూనుకున్నది అభిమానులు.

బొమ్మ ఎవరిది అని అడగడం విమర్శకు మొదటి మెట్టు. బొమ్మ గీసిన చెయ్యి ఎవరిది, ఆ చేతికి ఎంత దక్కింది అని అడగడం రెండో మెట్టు. ‘అవతార్’ అభిమానులు మొదటి మెట్టు ఎవరి సాయమూ లేకుండా ఎక్కారు. వాళ్ళను చూసి నవ్వే మన విమర్శకులు, మన పిల్లలు చూస్తున్న బొమ్మల కథల దగ్గర ఆ మొదటి మెట్టయినా ఎక్కారా?